స్నో ప్యాంటు పర్వం

కావ్యారంభంలో ఇష్టదేవతాస్తుతి ఆచారం కనుక ముందుగా జిప్పుకు నమస్కారం. ఓ దంతపంక్తిద్వయ సంధాయకా! నువ్వు కరుణిస్తే ఒక్క లాగుకు బొడ్డు నుంచి గడ్డం దాకా ఎగబాకుతావు. అలిగావా, లోపలి గుడ్డను కొరికి పట్టుకుని బ్రహ్మరుద్రాదులు దిగివచ్చినా వదలవు. స్వీడన్ నుంచి అమెరికా చేరిన గిడియన్ సుండ్‌బ్యాక్ 1913లో నీకు ఇప్పటి రూపమిచ్చాడు. నీ పేరు మాత్రం 1923లో, గుడ్రిచ్ కంపెనీవారి రబ్బరు బూట్లకెక్కాకే లోకానికి తెలిసింది. బూట్లెక్కిన దేవత అని చిన్నచూపు చూడను, పాదుకలకే పట్టాభిషేకం చేసిన వంశం మాది. కుకవినింద కూడా ఉండాలంటారు. పిల్లల కోట్ల జిప్పుకు ఆవగింజంత పట్టీ కుట్టేవాళ్ళను తలచుకుని ఆ ముచ్చటా తీర్చుకుంటున్నాను.

ఇక ఋతువర్ణన. మన కవులకు ఆరు ఋతువులు. మిన్నెసోటాలో రెండే, చలికాలం, రోడ్డు రిపేర్ల కాలం. ఈ మాట నాది కాదు, అక్కడివాళ్ళే చెప్పుకు నవ్వుకుంటారు. మొదటి ఋతువులో మినియాపొలిస్ శివార్లలోని మా బడి ధవళగిరిలా వెలుగుతుంది. సున్నా ఫారెన్‌హీట్ దాకా, అంటే మన లెక్కలో మైనస్ 18 దాకా, పిల్లలు ఆరుబయట ఆడి తీరాల్సిందే. ప్లస్ 18కే కాకినాడలో మా నాన్నగారు మంకీక్యాప్ పెట్టుకుని, ఆ వారమంతా స్నానం వేడినీళ్ళా మరీ వేడినీళ్ళా అని చర్చ పెడతారు.

కావ్యనాయికను నేనే. మెకానికల్ ఇంజనీరింగ్ చదివి, హైదరాబాదులో ఆరేళ్ళు ఉద్యోగం వెలగబెట్టి, హెచ్-4 వీసా మీద మంచులో దిగిన దాన్ని. ఆ వీసా ధర్మశాస్త్రం సూక్ష్మమైనది. నా వరకు జీతం పుచ్చుకుంటే నేరం, ఊరికే జిప్పులు లాగితే పుణ్యం. అందుకే, నేనెవరి కొంపా ముంచలేదని విచారించుకున్నాక, గుండెమీద ఒక స్టిక్కరు అంటించి, ప్రతి మంగళవారం కిండర్‌గార్టెన్ గదిలోకి రానిచ్చారు.

ఫ్రోబెల్ అనే జర్మన్ మహర్షి 1840లో ఈ విద్యకు 'పిల్లల తోట' అని పేరు పెట్టాడు. అమెరికాలో మొదటి తోట 1856లో మా పొరుగునే, విస్కాన్సిన్‌లోని వాటర్‌టౌన్‌లో, మార్గరెటె షుర్ట్స్ వేసింది. తోట అన్న ఆ మహానుభావుడు, మొక్కకు ఎన్ని తొడుగులు తొడగాలో ఒక్క ముక్క చెప్పి పోతే బాగుండేది.

మా తోటలో మొక్కలు ఇరవై రెండు. ఇంట్లో సోమాలీ కొందరికి, హ్మాంగ్ కొందరికి, స్పానిష్, ఇంగ్లీషు, తెలుగు. ఏ భాషవాడైనా కయ్యానికి దిగితే మాత్రం ఒకే కేక, "కార్తీక్స్ మామ్!" ఊళ్ళో మా అమ్మ నా పేరుతో చలామణీ అయినట్టే, సప్తసముద్రాలు దాటొచ్చి నేనూ కార్తీక్ వాళ్ళమ్మనే అయ్యాను. మా కార్తీక్ కూడా ఆ గదిలో నన్ను "కార్తీక్స్ మామ్" అనే పిలుస్తాడు. సభామర్యాద తెలిసినవాడు.

పదకొండుంబావుకు టీచరమ్మ చప్పట్లు కొడుతుంది. అవే రణభేరులు. ముందు స్నో ప్యాంటు, తర్వాత బూట్లు రెండు, మెడపట్టీ, కోటు, టోపీ, చివరికి చేతి తొడుగులు రెండు. మనిషికి ఎనిమిది, సేనకు 176. ఈ క్రమం తప్పరాదు. తొడుగులు ముందే తొడుక్కున్న వీరుడు ఎలుగుబంటి చేతులతో జిప్పు వంక దీనంగా చూస్తాడు. బూట్లు ముందేసుకున్నవాడికి ప్యాంటు ఎక్కదు, దిగదు. కుంతీదేవి అదృష్టవంతురాలు, కవచం ఒంటితోనే పుట్టిన బిడ్డను కన్నది. అలాంటివాడు మా క్లాసులో ఒక్కడున్నా నాకు ఎనిమిది తగ్గేవి.

కోటు మాత్రం టీచరమ్మ ఉపదేశించిన అస్త్రంతో వాళ్ళే వేసుకుంటారు. కోటును నేలమీద వెల్లకిలా పరిచి, మెడభాగం తమ కాళ్ళ దగ్గరుండేలా నిలబడి, వంగి చేతులు దూర్చి, ఒక్క విసురున తలమీదుగా వెనక్కి తిప్పుతారు. ఇరవై రెండు కోట్లు ఒకేసారి గాలిలోకి లేచే ఆ క్షణం గరుత్మంతుడి సంతతి రెక్కలు విప్పినట్టుంటుంది. ఆ రెక్క తగిలి నా కళ్ళజోడు రెండుసార్లు నేలపాలైంది.

చేతి తొడుగుల ఘట్టం వేరు. "బొటనవేలు ఏదిరా?" అంటే పిడికిట్లో దాచుకుని నవ్వుతాడు. ద్రోణాచార్యులే స్వయంగా వచ్చి అడిగినా ఆ వేలు దొరకదు.

ఒక మంగళవారం ముందుపళ్ళు రెండూ రాలిన పిల్ల ఒకతె నా ముందు గడ్డం పైకెత్తి నిలబడింది. ఊదారంగు కోటు, జిప్పు నడుం దగ్గర బిగుసుకుంది. తడినేల మీద మోకాళ్ళూని సామం ప్రయోగించాను. కదల్లేదు. పట్టీలో గుడ్డముక్క దోపి దండం ప్రయోగించాను. పట్టీ ఊడి నా చేతికొచ్చింది. ఇంత యుద్ధం జరుగుతుంటే ఆ పిల్ల చలించక, వాళ్ళింటి చేప ఎలా చచ్చిపోయిందో, ఏ డబ్బాలో పెట్టి పాతారో సవిస్తరంగా చెప్పుకొస్తోంది. వెనకాల ఇరవై ఒక్కమంది సాయుధులు ఉడికిపోతున్నారు.

అప్పుడు ఎక్కడో మూడో సంవత్సరం పరీక్ష హాలు గుర్తొచ్చింది. గ్రాఫైట్ పొడి లూబ్రికెంటు, కారణాలు వివరింపుము. అయిదు మార్కులు. అక్కడే బల్లమీదున్న లావుపాటి పెన్సిలు తీసి ఆ పళ్ళ వరసకు అటూఇటూ రుద్దాను. ఊపిరి బిగబట్టి లాగాను. సర్రున గడ్డం దాకా వచ్చింది! పుష్పవృష్టి కురవలేదు, బయట మంచే కురుస్తోంది. ఈ మంచులో దిగిన రెండేళ్ళకు నా డిగ్రీ ఇక్కడ చేసిన మొదటి పని అదే. ఆ పిల్ల నా నల్లబడ్డ వేళ్ళకేసి చూసి, చేప పేరు బబుల్స్ అని మాత్రం చెప్పి వెళ్ళింది.

సైన్యం వరసకట్టింది. తలుపు తెరుచుకుంది. చలిగాలి శంఖం పూరించింది. సరిగ్గా అప్పుడు వరస నడుమనుంచి సన్నని గొంతు, "ఐ నీడ్ టు గో పాటీ." ఆ తర్వాతి ప్రళయాన్ని వర్ణించే శక్తి నాకు లేదు. ఎనిమిది తొడుగులు విప్పడం తొడిగినంత తేలిక కాదని మాత్రం చెప్పగలను. ఇరవై నిమిషాల ఆటకు పదిహేను నిమిషాల కవచధారణ, ఇది కూడా అందులో కలుపుకోలేదు.

వాళ్ళు వెళ్ళాక లెక్క చూసుకుంటే గదిలో ఒక ఎడమచేతి తొడుగు మిగిలింది. కిటికీలోంచి చూశాను. ఇరవై రెండుమందికీ రెండేసి చేతులకీ తొడుగులున్నాయి. ఆ రహస్యం ఇప్పటికీ తేలలేదు.

మరుసటి మంగళవారం నేను వెళ్ళేసరికి ఊదారంగు కోటు పిల్ల చేతిలో లావుపాటి పెన్సిలు. ఎదురుగా ముగ్గురు యోధులు గడ్డాలెత్తి వరసలో నిలబడ్డారు. నాలుగోవాడు మా కార్తీక్. నేను వెళ్ళి వాడి వెనక నిలబడ్డాను, రెండ్రోజులుగా నా కోటు జిప్పు కూడా మొరాయిస్తోంది.