పొట్టు చెక్కకు చిట్కా వైద్యం

పెట్టెలో పలకలుగా వచ్చి, మీ చేతుల మీదుగా వార్డ్‌రోబ్‌గా మారిన సామానుకు గీత పడితే మొదట చెయ్యాల్సింది రిపేరు కాదు, విచారణ. హాలు మధ్యలో నిలబడి "ఎవరు చేశారిది?" అని ఇంటిల్లిపాదికీ వినపడేలా అడగండి. ఎవరూ ఒప్పుకోరు. పనమ్మాయి రాని రోజైతే ఆవిడే చేసిందని తేలిపోతుంది. దీనివల్ల గీత పోదు గానీ, పైసా ఖర్చు లేని పని కాబట్టి పొదుపు రిపేర్లలో అగ్రతాంబూలం దీనికే.

తర్వాత గోరు పరీక్ష. గీతకు అడ్డంగా గోరు పోనివ్వండి. ఎక్కడా తట్టకుండా జారిపోతే అది పైపైన గీరుడే. తడిగుడ్డతో తుడిచి, పోయినంత మేరకు మీ పనితనమని చెప్పుకోండి. గోరు తట్టి, లోపల్నుంచి గోధుమరంగు పొడి రాలిందంటే మాత్రం, ఇన్నాళ్ళూ మీరు చుట్టాలకు టేకని చెప్పుకున్నదాని జన్మరహస్యం బయటపడ్డట్టే.

ఆ రహస్యం ఏమిటంటే, చెక్క పేళ్ళూ రంపపు పొట్టూ కలిపి, ఎక్కువగా యూరియా ఫార్మాల్డిహైడ్ జిగురు పట్టించి, వేడి మీద గట్టిగా నొక్కితే పార్టికల్ బోర్డు. దానిపైన టేకో ఓకో బొమ్మ అచ్చేసిన కాగితాన్ని మెలమైన్ రెజిన్‌లో తడిపి అతికిస్తారు. మీరు షాపులో చెయ్యి ఆన్చి మురిసిపోయిన ఆ చారలు ఏ చెట్టువీ కావు, అచ్చుయంత్రానివి. అందుకే మావయ్యగారు ఫోన్లో చెప్పే "గరుకు కాగితం పట్టి పాలిష్ కొట్టు బాబూ" అన్న సలహా వాళ్ళింటి పాత మంచానికి అమృతం, మీ వార్డ్‌రోబ్‌కి విషం. నాలుగు రుద్దులకి టేకంతా గరుకు కాగితానికి అంటుకుని వచ్చేస్తుంది. అయినా పెద్దవాళ్ళ మాట కదా, రుద్దుతారు. రుద్దండి. అరచేతంత మచ్చ తేలాక మళ్ళీ మాట్లాడుకుందాం.

అక్రోటు పప్పుతో రుద్దితే గీతలు మాయమవుతాయని ఎవరో ఒకరు చెప్పే ఉంటారు. అసలు చెక్కయితే పప్పులోని నూనె పీల్చుకుని గీత రంగు కాస్త ముదురుతుంది, కంటికి ఆనదు. మెలమైన్ నూనె తాగదు. కాబట్టి పప్పుని మీరే తినెయ్యండి. గీతకు వచ్చే తేడా ఏమీ లేదు, మీకైనా బలం.

ఇప్పుడు రంగు సంగతి. దుకాణాల్లో ఇందుకోసమే మైనపు కడ్డీలూ మార్కర్లూ దొరుకుతాయి, కానీ మనది పొదుపు మార్గం. పిల్లల స్కూల్ బ్యాగు తెరిచి క్రేయాన్లు తీసుకోండి. నిజం చెప్పాలంటే ఈ పద్ధతి పనిచేస్తుంది: మొదట లేత రంగు, దానిమీద ముదురు రంగు, కాస్త వేడి చేసి గాడిలోకి నొక్కి, పైకి ఉబ్బిన మైనాన్ని పాత ఏటీఎం కార్డుతో గీకెయ్యాలి. అందరూ ముదురు రంగుతో మొదలుపెడతారు, అప్పటిదాకా కనిపించని గీత గుమ్మంలోంచే కనిపిస్తుంది. బూటు పాలిష్ కూడా బ్రహ్మాండంగా కలిసిపోతుంది. తెల్లచొక్కా వేసుకుని శుభలేఖ ఇవ్వడానికొచ్చిన బావగారు దానికి ఆనుకుని నిలబడేంతవరకూ.

గీతలతో పోతే అదృష్టం. అసలు గండం నీళ్ళు. ఈ పలకలకు కనిపించే అంచుల మీద పట్టీ వేస్తారు. నేలకు ఆనే అంచును చాలాసార్లు ఉత్తినే వదిలేస్తారు, ఎవరు చూడొచ్చారని. ఎవరూ చూడరు గానీ, తడిగుడ్డ తాకుతుంది. రోజూ బకెట్టెడు నీళ్ళతో ఇల్లు తుడిచే మన దేశంలో ఆ అంచు టీలో ముంచిన రస్కులా ఉబ్బుతుంది. పేళ్ళు ఉబ్బి, వాటిని పట్టుకున్న జిగురు విడిపోయాక ఎంత ఆరబెట్టినా పాత మందానికి రాదు. ఎండలో పెడితే సర్దుకుంటుందని నమ్మేవాళ్ళున్నారు. నమ్మకం మంచిదే, ఈలోపు పైకాగితం కూడా లేస్తుంది.

పుస్తకం ప్రకారం చికిత్స ఇలా: ఫ్యాను గాలికి రోజుల తరబడి పూర్తిగా ఆరనివ్వాలి. విచ్చుకున్న పొరల మధ్యకు ఇంజెక్షన్ సిరంజితో జిగురు ఎక్కించాలి. మామూలు తెల్ల ఫెవికాల్ మళ్ళీ తడిస్తే మెత్తబడుతుంది, కాబట్టి మెరైన్ రకం కొనాలి. రెండు వైపులా పాలిథిన్ కవరు, దానిమీద చదునైన చెక్కలు, వాటికి సీ-క్లాంపులు బిగించి ఒక రోజు కదిలించకూడదు. పాలిథిన్ మర్చిపోతే ఆ చెక్కలు కూడా వార్డ్‌రోబ్‌లో శాశ్వత సభ్యులవుతాయి. క్లాంపులు కొనడం దండగనుకునేవాళ్ళు గ్యాస్ సిలిండరు బరువు పెట్టొచ్చు. వార్డ్‌రోబ్ నిలబడి ఉంటుంది కదా, సిలిండరు పక్కనుంచి ఎలా నొక్కుతుందన్న ప్రశ్న సిలిండరు బెడ్‌రూమ్ దాకా మోసుకొచ్చాకే తడుతుంది. ఇంతా చేసి, అంచుకు వార్నిష్ పూసి కింద ప్లాస్టిక్ బుష్‌లు పెడితే ఇంకొన్నాళ్ళు బతుకుతుంది. ఆ బుష్‌లేవో కొన్నరోజే పెడితే సరిపోయేది కదా అని మీ ఆవిడ అంటుంది. వినపడనట్టు సిరంజి కడుక్కోండి.

వడ్రంగిని మాత్రం పిలవకండి. అతను వచ్చి వేలి కణుపుతో రెండుసార్లు కొట్టి, "ఇది కట్టె కాద్సార్, పొట్టు. దీనికి నేనేం చెయ్య" అంటాడు. ప్లైవుడ్‌తో చేస్తే ఎంతవుతుందో కూడా అడక్కుండానే చెప్తాడు. ఇంట్లోవాళ్ళందరి ముందూ చెప్తాడు.

తలుపు వేలాడుతుంటే కబ్జా స్క్రూల రంధ్రాలు లూజైనట్టు. అగ్గిపుల్లల తలలు తుంచి, జిగురులో ముంచి రంధ్రంలో కుక్కి, రాత్రంతా ఆరాక స్క్రూ బిగించాలి. మనవాళ్ళు టీ తాగొచ్చి బిగిస్తారు. ఆ మధ్యాహ్నమే తలుపు కాలి మీద పడుతుంది, అప్పుడు జిగురు ఆరడానికి కావలసినంత టైం దొరుకుతుంది.

ఏదీ కుదరకపోతే కప్పిపెట్టడమే. ప్రతి జనవరికీ బంగారు కొట్టువాళ్ళిచ్చే క్యాలెండర్ ఇందుకు భేషైనది. మచ్చ మోకాలి ఎత్తున ఉంటే అక్కడే తగిలించి, పిల్లలకు తిథి వార నక్షత్రాలు నేర్పుతున్నామని చెప్పండి. చెక్క డిజైన్ స్టిక్కర్ కూడా అతికించవచ్చు, బుడగలు రాకుండా అతికించినవాణ్ణి ఇంతవరకూ నేను చూడలేదు. ఒక తలుపుకే అంటిస్తే రెండోది పాతగా కనిపిస్తుంది, దానికీ అంటిస్తారు, తర్వాత మంచం పాతగా కనిపిస్తుంది. ఈ దారిలో చివరికి అయ్యే ఖర్చుతో ఆ వడ్రంగి చెప్పిన ప్లైవుడ్ వార్డ్‌రోబ్ వచ్చేది, ఆ లెక్క కాగితం మీద వెయ్యకండి.

మిగిలింది ఇల్లు మారే ఘట్టం. 1956లో స్వీడన్‌లో గిల్లిస్ లుండ్‌గ్రెన్ అనే ఉద్యోగి ఒక బల్ల కారులో పట్టకపోతే కాళ్ళు ఊడదీశాడనీ, పలకలుగా విప్పి అమ్మే ఆలోచన తమకు అలా వచ్చిందనీ ఐకియా చెప్పుకుంటుంది. ఆ సంస్థ మన దేశంలో తొలి దుకాణాన్ని 2018 ఆగస్టులో హైదరాబాద్ హైటెక్ సిటీలో తెరిచింది, మొదటిరోజే ఆ చుట్టుపక్కల ట్రాఫిక్ ఆగిపోయింది. లుండ్‌గ్రెన్ విప్పింది ఒకసారి. మనది 11 నెలల అగ్రిమెంట్ల ఊరు. పొట్టు చెక్కలో స్క్రూ ఎన్నిసార్లు తీసి బిగిస్తే అంత పట్టు పోతుంది. కాబట్టి ఇల్లు మారేముందే, ఉబ్బిన అంచు మంచం చాటున పడేలా ఫోటో తీసి, "దాదాపు కొత్తది" అని అమ్మకానికి పెట్టండి. బేరం కుదిరినా స్క్రూడ్రైవర్ మీరు ముట్టుకోవద్దు. విప్పుకుని తీసుకెళ్ళే బాధ్యత కొన్నవారిదేనని ప్రకటనలోనే రాసెయ్యండి.