దారం కొస చెప్పుకున్న కథ

నేను దారం కొసని. లేసు ఎంత బాగుందోనని చూసేవాళ్ల కంట నేను పడను. పడ్డానంటే ఆ పని చెడినట్టే.

నా పుట్టుక నరసాపురం పక్క పల్లెలో, ఓ అరుగు మీద. నన్ను అల్లిన పిల్లకి అదే మొదటి పువ్వు. ఆఖరి కుట్టు పడగానే కత్తెర అందుకుంది.

"ఆగవే! మొదలంటా కోస్తే సూదిలోకి ఏం ఎక్కిస్తావు? ఆరంగుళాలు వదులు," అంది అమ్మమ్మ. అలా నాకు ఆరంగుళాల బతుకు దక్కింది.

పిల్ల నన్ను కొక్కెం సూదికి చుట్టి, మిగిలిన ఒక్క ఉచ్చులోంచి పూర్తిగా బయటికి లాగి బిగించింది. క్రోషేలో అల్లికంతా ఆ ఉచ్చు మీదే ఆధారపడి ఉంటుంది. దాన్ని మూయకుండా నన్ను పట్టి లాగితే, పూటంతా అల్లిన పువ్వు చిటికెలో ఉత్త దారమైపోతుంది.

"అయిపోయిందిగా అమ్మమ్మా, కోసెయ్యనా?"

"అసలు పని ఇప్పుడేనే."

అమ్మమ్మ పెద్ద బెజ్జం, మొద్దు మొన ఉన్న సూది తీసింది. పదును మొనైతే దారాన్ని చీల్చేస్తుంది. లేసును తిరగేసి, వెనకవైపు దట్టంగా ఉన్న కుట్ల కిందుగా నన్ను రెండంగుళాలు నడిపించింది. అక్కడితో ఆపితే ఉతుకుల్లో జారి బయటపడతాను. లేసు నూలు నునుపు. అందుకని ఒక పోగు దాటించి వెనక్కి తిప్పింది. నన్ను పట్టి ఉంచేది ఆ పోగే. మళ్లీ ఒకసారి ముందుకు. పిల్ల ముడి వేస్తానంటే వద్దంది. ముడి బల్లగుడ్డ మీద మొటిమలా చేతికి తగులుతుంది.

ఆ తర్వాత అల్లికను రెండు చేతులా ఓసారి సాగదీసి, మిగిలినదాన్ని కత్తిరించారు. మొదటి గొలుసు దగ్గర వేలాడే నా అన్నకీ ఇదే మర్యాద జరగాలి. కొత్తవాళ్లు మరిచిపోయేది వాణ్ణే.

పువ్వును తడిపి, గుండుసూదులు గుచ్చి, రేకులు సరిచేసి ఆరబెట్టారు. ఇక అతుకుపని చేసేవాళ్లు ఇలాంటి పువ్వులన్నీ కలిపి బల్లగుడ్డ చేస్తారు.

నరసాపురం లేసుకి 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. సంతోషమే. కానీ లేసు అల్లే ఆడవాళ్ల చాకిరీని తీరిక వేళ కాలక్షేపంగా లెక్కగట్టే తీరు గురించి సామాజిక శాస్త్రవేత్త మరియా మీస్ 1982లోనే పుస్తకం రాసింది. నాలాగే వాళ్ల కష్టం కూడా వెనకవైపు దాగి ఉంటుంది.

ఈసారి లేసు కొనేటప్పుడు తిరగేసి చూడండి. నా జాడ దొరక్కపోతే బేరమాడకండి.