కారు పిచ్చి ముదిరేలా పిల్లల్ని పెంచడం ఎలా

"మా వాడికి నిద్ర లేచింది మొదలు కార్ల గోలే అండీ" అని ఏ తల్లయినా అంటే చుట్టూ ఉన్న పెద్దలు చెప్పే మందు ఒకటే. ఆ బొమ్మలన్నీ మూటగట్టి అటకెక్కించు, నెల తిరిగేసరికి వాడే మర్చిపోతాడు అంటారు. నేను సరిగ్గా దానికి ఎదురు చెప్తున్నాను. మర్చిపోనివ్వకండి. ఉన్న పిచ్చిని ముదరనివ్వండి. మా మామయ్యగారు విజయవాడ రోడ్ల మీద అంబాసిడర్ టాక్సీ నడిపారు. మా ఆయనకి మారుతి 800 అంటే ప్రాణం. ఆరేళ్ల మా అమ్మాయి, నాలుగేళ్ల మా అబ్బాయి బండి మలుపు తిరగకముందే చప్పుడు విని పేరు చెప్తారు. ఇంటిల్లిపాదికీ ఉన్న ఇష్టం పిల్లల్లో నిలవాలంటే ఏం చేయాలో నాకు తెలిసింది రాస్తున్నాను.

ముందుగా బొమ్మ కార్లు కొనడం తగ్గించండి. పుట్టినరోజుకి వచ్చిన ప్రతి చుట్టమూ ఒక కారు చేతిలో పెడితే పిల్లలకి ప్యాకెట్టు చింపడం మీద మోజు పెరుగుతుంది, కారు మీద తగ్గుతుంది. 1950ల్లో ఇంగ్లండులో జాక్ ఓడెల్ అనే ఆయన కూతురి బడిలో ఒక నియమం ఉండేది: అగ్గిపెట్టెలో పట్టే బొమ్మలే తేవాలి. ఆయన ఆ పిల్ల కోసం అంత చిన్న ఇత్తడి రోడ్డు రోలర్ చేసిచ్చాడు. మ్యాచ్‌బాక్స్ కార్లు అక్కడే మొదలయ్యాయి. ఒక్క బొమ్మ, అదీ నాన్న చేత్తో చేసింది. దాని విలువ ఆ పిల్లకి ఎవరూ చెప్పక్కర్లేదు. వెనక్కి లాగి వదిలితే పరిగెత్తే ప్లాస్టిక్ కారు పాడైతే పారేయకండి. అడుగున మరలు మీరే విప్పి, లోపలి స్ప్రింగూ పళ్ల చక్రాలూ చూపించండి. మరలు మాత్రం మీ గుప్పిట్లోనే ఉండాలి, చిన్నవాళ్లు నోట్లో పెట్టుకుంటారు. తిరిగి బిగించలేకపోయినా ఫర్వాలేదు.

రెండో మాటకి మా బంధువులంతా తల పట్టుకుంటారు. కొత్త కారు కొనే స్తోమత ఉన్నా పాత కారు అమ్మకండి. మారుతి 800 బజారులోకి వచ్చింది 1983 డిసెంబరులో, తయారీ ఆగింది 2014 జనవరిలో. ఆ ముప్పై ఏళ్లలో ఎన్ని తెలుగు ఇళ్ల ముందు ఆగిన మొదటి కారు అదే! 796 సీసీ, మూడు సిలిండర్లు. బానెట్ ఎత్తితే ఏది ఎక్కడుందో వేలు పెట్టి చూపించవచ్చు: ఇది బ్యాటరీ, ఇది రేడియేటర్, ఇంజను గాలి పీల్చేది ఇటునుంచి, ప్లగ్గులు ఇవిగో. ఇవాళ్టి చాలా కార్లలో బానెట్ తీస్తే ముందు కనిపించేది నల్లటి ప్లాస్టిక్ మూత. నాలుగేళ్లవాడికి ఆ మూత చూపించి ఏం చెప్తాం? కొత్త కారుకి ఒంట్లో బాగాలేకపోతే తెర మీద దీపం వెలుగుతుంది. పాత కారు చప్పుడుతో చెప్తుంది, వాసనతో చెప్తుంది. "నాన్నా, బెల్టు కీచుమంటోంది" అని మా అమ్మాయి వెనక సీట్లోంచి అన్నప్పుడు మా ఆయన ముఖం చూడాల్సింది. పదిహేనేళ్లు నిండిన కారుకి ఐదేళ్లకోసారి రిజిస్ట్రేషన్ పొడిగించుకోవాలి, బండిని తనిఖీకి చూపించాలి, గ్రీన్ ట్యాక్స్ కట్టాలి. దండగ ఖర్చు అంటారు. ట్యూషన్ ఫీజు అనుకుని కట్టండి. పొగ మాత్రం వదలనివ్వకండి. ఎంత బాగు చేయించినా పొగ ఆగకపోతే ఆ రోజు ఆ కారుకి సెలవు చెప్పాల్సిందే, అదీ పిల్లల ఎదుటే.

సెలవు రోజున మాల్‌కి తీసుకెళ్లడం మానేసి మెకానిక్ షెడ్డుకి తీసుకెళ్లండి. మాకు ఆటోనగర్ దగ్గర కాబట్టి అదృష్టవంతులం. ఒక వీధిలో లారీకి బాడీ కడుతుంటారు, ఇంకో వీధిలో కమాన్ కట్టలు సరిచేస్తుంటారు, పక్కన లేత్ తిరుగుతుంటుంది, ఆ పక్కన ఒకాయన లారీ వెనక పూలూ నెమళ్లూ గీస్తుంటాడు. జంతు ప్రదర్శనశాలలో కూడా పిల్లలు ఇంతసేపు నోరు మూసుకుని చూడరు. మా షెడ్డు మెకానిక్ బాబాయ్ మా అబ్బాయికి పానాలు సైజు వారీగా వరసలో పెట్టే పని ఇచ్చాడు. పదీ పదకొండు, పన్నెండూ పదమూడు అని అంకెలు చదువుతూ పెట్టాడు వాడు. బట్టలు పాడవుతాయి. ఆయిల్ మరక ఉతికినా పోదు, పోనక్కర్లేదు. ఒక్క విషయంలో మాత్రం కఠినంగా ఉండండి. జాకీ మీద లేచిన కారు దరిదాపులకి పిల్లల్ని రానివ్వకూడదు. వేడి రేడియేటర్ మూత, సైలెన్సర్ గొట్టం ముట్టకూడదు. చెయ్యి పట్టుకునే చూపించాలి.

ఓనమాలకన్నా ముందు నంబరు ప్లేట్లు వస్తే రానివ్వండి. విజయవాడలో చెన్నై, కోల్‌కతాలని కలిపే 16వ జాతీయ రహదారీ, హైదరాబాద్ నుంచి మచిలీపట్నం వెళ్లే 65వదీ కలుస్తాయి. అక్కడ ఒక పక్కగా కాసేపు నిలబడితే దేశమంతా కళ్లముందునుంచి పోతుంది. ఇది ఒడిశా లారీ, ఇది తమిళనాడు బస్సు, ఇదేమో నాగాలాండ్. పాత కార్ల మీద ఏపీ 16 అంటే కృష్ణా, ఏపీ 07 అంటే గుంటూరు, ఏపీ 31 అంటే విశాఖ అని తాతయ్య చెప్తాడు. 2019లో రాష్ట్రమంతటికీ ఏపీ 39 ఎందుకయిందో, తెలంగాణ బండ్ల మీద 2014లో టీఎస్, 2024లో టీజీ ఎలా వచ్చాయో చెప్పబోతే రాష్ట్రం కథంతా వస్తుంది. పసుపు ప్లేటు టాక్సీది, ఆకుపచ్చది కరెంటు బండిది. ఈ చదువుకి పుస్తకం అక్కర్లేదు. అన్నం చల్లారుతుంది, హోంవర్కు ఆగుతుంది, ఆగనివ్వండి. హైదరాబాద్ వెళ్తే చౌమహల్లా ప్యాలెస్‌లో నిజాం పసుపు రోల్స్ రాయిస్, బహదూర్‌పురాలో సుధా కార్స్ మ్యూజియంలో వంకాయ ఆకారం కారూ చూపించండి.

ఇక అందరూ ముచ్చటగా చేసేది నేను వద్దంటున్నాను. పిల్లవాణ్ణి ఒళ్లో కూర్చోబెట్టుకుని స్టీరింగ్ పట్టించకండి. తాతలే ఎక్కువగా చేస్తారిది, ఫొటోలు కూడా తీయిస్తారు. గుద్దుకుంటే ఆ పసివాడు స్టీరింగుకీ పెద్దాయన ఛాతీకీ మధ్య నలుగుతాడు. ఎయిర్‌బ్యాగ్ పేలితే దాని దెబ్బ మొదట తగిలేది వాడికే. పద్నాలుగేళ్లలోపు పిల్లలకి సీటు బెల్టో, పిల్లల సీటో లేకపోతే 1,000 రూపాయలు జరిమానా అని 2019 నాటి చట్ట సవరణ చెప్తోంది. మైనరు బండి నడిపి నేరం చేస్తే తల్లిదండ్రులకి మూడేళ్ల వరకూ జైలు, 25,000 జరిమానా. మా ఇంట్లో మామయ్యగారు ఈ విషయంలో అందరికన్నా గట్టిగా ఉంటారు. జీవితమంతా స్టీరింగ్ పట్టిన మనిషి కాబట్టే, కారంటే ప్రేమ ఉన్నవాళ్లు వెనక సీట్లో బెల్టు పెట్టుకుని కూర్చోవాలని మనవలకి చెప్పారు.

పానా ముందు ఆడపిల్ల చేతికివ్వండి. మగపిల్లాడు అడక్కుండానే తీసుకుంటాడు, అమ్మాయి ఎవరైనా ఇస్తారేమోనని చూస్తూ నిలబడుతుంది.

కారు పేర్లు చెప్పే పిల్లల్ని చూడగానే "ఆటోమొబైల్ ఇంజినీరు అవుతావురా" అనేస్తాం మనం. ఆ మాట అనకండి. రేపు ఐఐటీ ఫౌండేషన్ క్లాసులో చేర్పిస్తాం, ఎల్లుండికి కారు కూడా సిలబస్ అయిపోతుంది. ఇష్టం ఇష్టంగానే ఉండనివ్వండి. వాళ్లు పెద్దయి బ్యాంకులో పనిచేసినా, బడిలో పాఠాలు చెప్పినా, దారిలో కారు ఆగిపోతే భయపడకుండా దిగి బానెట్ ఎత్తే మనుషులవుతారు. నాకది చాలు.

మీ ఊళ్లో షెడ్డుకి ఏ రోజు సెలవో ముందు కనుక్కోండి. తెరిచి ఉన్న రోజు చూసి, పిల్లలకి పాత బట్టలు వేసి తీసుకెళ్లండి.