తలనీలాలు

1998 ఫిబ్రవరి 23న టర్కీలోని ఇస్తాంబుల్ విశ్వవిద్యాలయం ఒక సర్క్యులర్ తీసింది. తలకు స్కార్ఫ్ కట్టుకున్న అమ్మాయిలనూ, గడ్డం పెంచిన అబ్బాయిలనూ క్లాసుల్లోకి రానివ్వొద్దని అందులో ఉంది. అంతకు ఏడాది ముందే సైన్యాధికారులు లౌకికవాదాన్ని కాపాడాలంటూ ప్రభుత్వం మెడలు వంచారు. ఆ పట్టుదలంతా చివరికి వచ్చి ఆడపిల్లల తలల మీద పడింది. మార్చి 12న లేలా షాహిన్ అనే మెడిసిన్ విద్యార్థిని ఆంకాలజీ పరీక్షకు వెళ్తే రాయనివ్వలేదు. ఆ అమ్మాయి స్ట్రాస్‌బర్గ్‌లోని యూరోపియన్ మానవ హక్కుల కోర్టు దాకా వెళ్లింది. 2005లో 17 మంది న్యాయమూర్తుల్లో 16 మంది నిషేధం సబబేనన్నారు. కాదన్నది బెల్జియంకు చెందిన ఫ్రాన్స్వాజ్ టుల్కెన్స్ ఒక్కరే. అప్పటికే లేలా దేశం వదిలి చదువు కోసం వియన్నా వెళ్లిపోయింది.

సర్క్యులర్ వచ్చిన ఏడాదే, చలికాలంలో, మా పిన్ని ఒక వైద్య సదస్సుకు ఇస్తాంబుల్ వెళ్లింది. గుంటూరులో పిల్లల డాక్టరు. బాబాయి గుండె ఆపరేషన్ గట్టెక్కితే తలనీలాలు ఇస్తానని వెంకన్నకు మొక్కుకుంది. ప్రయాణం దగ్గర పడ్డాక తిరుమల వెళ్లి, కల్యాణకట్టలో కూర్చుని, నడుం దాటిన జడ ఇచ్చేసి వచ్చింది. "తిరిగొచ్చాక ఇవ్వకూడదటే? అంతమందిలోకి గుండుతో ఎలా వెళ్తావు?" అని మా అమ్మ అంటే, "వెంకన్న మా ఆయన్ని వాయిదా వేశాడా అక్కా?" అందట. గంధం డబ్బీ సూట్‌కేసులో పెట్టుకుని, ఆకుపచ్చ స్కార్ఫ్ గడ్డం కింద ముడేసుకుని విమానం ఎక్కింది.

సదస్సు జరిగే కాలేజీ గేటు పక్కన, గోడ వారగా, నలుగురైదుగురు అమ్మాయిలు బ్యాగుల్లోంచి విగ్గులు తీస్తున్నారు. ఒకమ్మాయి చేతి అద్దం పట్టుకుంటే ఇంకో అమ్మాయి పళ్ల మధ్య పిన్నులు బిగబట్టి, నుదుటి మీది స్కార్ఫ్ అంచును లోపలికి తోసి, దాని మీద రాగిరంగు విగ్గు చెవుల దాకా లాక్కుంటోంది. కనుబొమలేమో నల్లగా, ఒత్తుగా ఉన్నాయి. రోజూ ఇదే పనట. స్కార్ఫ్ కనబడకూడదని రూలు, విప్పకూడదని వీళ్ల మనసు. ఆ విగ్గు కింద చెమటతో తల దురద పెడుతుంటే మూడేసి గంటలు అనాటమీ వినడం ఎలా ఉంటుందో ఆ సర్క్యులర్ మీద సంతకం పెట్టినవాళ్లకు తెలియదు.

పక్క దేశం ఇరాన్‌లో అదే కాలంలో తల కప్పుకోని ఆడదానికి చట్టం పది రోజుల నుంచి రెండు నెలల దాకా జైలో, లేదంటే జరిమానానో రాసిపెట్టింది. కప్పమని శిక్షించేవాళ్లూ, విప్పమని గెంటేవాళ్లూ ఆ తల ఉన్న మనిషిని అడిగింది మాత్రం లేదు. బలవంతంగా కప్పిస్తే అడ్డుపడటం ప్రభుత్వం పని. తనంతట తాను వేసుకున్న ముడి విప్పడం ఏ ప్రభుత్వం పనీ కాదు.

గేటు దగ్గర కాపలా మనిషి పిన్నిని ఆపాడు. తల వైపు చూపించి, విప్పమని సైగ చేశాడు. పిన్ని విప్పింది. గంధం పూసిన నున్నటి గుండు చూసి అతను రెండడుగులు వెనక్కి వేశాడు. వెనకే నిలబడిన రాగిరంగు విగ్గు అమ్మాయి ముందుకొచ్చి ఇంగ్లీషులో చెప్పింది.

"జబ్బా అని అడుగుతున్నాడు డాక్టర్. జబ్బయితే కట్టుకోవచ్చట. మతం కోసమైతే కుదరదట."

అవునంటే అయిపోయేది. కానీ క్యాన్సర్ పిల్లల గుండ్లను రోజూ చూసే మనిషి ఆ అబద్ధం ఆడలేకపోయింది.

"జబ్బు కాదు. మతమే. కోరిక తీరితే మా దేవుడికి జుట్టు ఇచ్చాను. ఉన్నదున్నట్టు చెప్పు."

అమ్మాయి ఒక్క క్షణం తటపటాయించి చెప్పింది. అతను ఏదో అడిగాడు. అమ్మాయి ఒక్క ముక్కలో జవాబిచ్చింది. అంతే, అతను స్కార్ఫ్ కట్టుకోమన్నట్టు చేయి ఊపి, తలవంచి గేటు తీశాడు. ఆ వెంటే అమ్మాయి విగ్గును ఒకసారి పరీక్షగా చూసి, స్కార్ఫ్ అంచు బయటికి రాలేదని తేల్చుకుని ఆమెనూ వదిలాడు.

లోపలికి నడుస్తూ పిన్ని సంబరంగా అంది: "చూశావా, మతమని నిజం చెప్పినా అర్థం చేసుకున్నాడు. నువ్వూ ఒకసారి ధైర్యంగా చెప్పి చూడమ్మా. ఇంతకీ చివర్లో ఏమడిగాడు?"

"ఏ మతం అని."

"నువ్వేమన్నావు?"

"మన మతం కాదులే అన్నాను. అయితే కట్టుకోమను అన్నాడు."