సొంత స్టైలు, ఆది జాకెట్టు

‘మీ సొంత స్టైల్ వెతుక్కోండి’ అంటున్నారు అందరూ. వెతుకుదామని బీరువా తీస్తే పెళ్లిళ్లలో పెట్టిన చీరలన్నీ మీద పడ్డాయి. ఏది ఎవరు పెట్టారో చెప్పగలను గానీ, నేనై కొన్నది ఒక్కటీ లేదు. సరే, 2005లో భౌగోళిక గుర్తింపు తెచ్చుకున్న పోచంపల్లి ఇక్కత్ ఒకటి ముచ్చటపడి కొన్నా. జాకెట్టు రంగు మ్యాచింగ్ సెంటర్ కుర్రాడు తేల్చాడు. మెడ ఎంత దించాలో అత్తగారు, చేతులు ఎంత పొడవో అమ్మ. బోట్‌నెక్ అంటే టైలర్ బుద్ధిగా తలూపి, అచ్చం ఆది జాకెట్టులాగే కుట్టిపెట్టాడు. ‘మీకు ఇదే నప్పుతుందమ్మా!’ చీరకు గుర్తింపొచ్చి ఇరవై ఏళ్లు దాటింది. నాది ఇంకా టైలర్ దగ్గరే, ఫాల్, పికోకి ఉంది.