కూలీలకు హుషారెక్కించడం ఎలా: మహారాష్ట్రలోని నాయ్‌గావ్ సేఠ్‌లకు సలహాలు

సీజన్ మొదలైంది, పత్తి బళ్లు వస్తున్నాయి, మీ జిన్నింగ్ మిల్లులో కూలీలకు మాత్రం హుషారు లేదు. దిగులెందుకు సేఠ్‌గారూ, ఇలా చేయండి.

ముందు గోడమీద "మిల్లే మన కుటుంబం" అని మరాఠీలో రాయించండి. తెలంగాణలోని మద్నూర్ వైపు నుంచి వచ్చిన తెలుగువాళ్లకు చదవడం రాదంటారా? మంచిదే. అర్థమైతే జీతం కూడా కుటుంబంలాగే పంచమంటారు.

మెచ్చుకోవాల్సి వస్తే చాటుగా మెచ్చుకోండి. తిట్టాలంటే తూకం దగ్గర, రైతులందరూ వరసలో ఉన్నప్పుడు. బేరింగ్ వేడెక్కుతోందని ఎవడైనా చెప్పబోతే "నీ పని నువ్వు చూసుకో" అనండి. దూదికి నిప్పంటుకున్నాక ఎలాగూ అందరికీ తెలుస్తుంది. షికాగో పక్కన హాథార్న్ కర్మాగారంలో 1928 నుంచి రెండు మూడేళ్లపాటు 20,000 మందికి పైగా కార్మికులను కూర్చోబెట్టి వాళ్ల గోడు విన్నారట. అంత తీరిక మీకెక్కడిది?

బోనస్ దగ్గరే తెలివి కావాలి. ఏడాదిలో 30 పనిదినాలు చేసినవాడికి కనీసం 8.33 శాతం ఇవ్వాలని చట్టం. అందుకే 29వ రోజు సాయంత్రం "పని లేదు, కబురు పెడతాను" అని పంపేయండి. వారం తర్వాత పిలిచి, హాజరు పుస్తకంలో వేరే పేరు రాయించండి. దీపావళికి మిఠాయి డబ్బా ఇచ్చి ఫొటో దిగండి. డబ్బా చట్టంలో లేదు కాబట్టి అది మీ దయ. బోనస్ చట్టంలో ఉంది కాబట్టి, ఇచ్చినా మీకు పేరు రాదు.

ఇక శిక్షణ. వక్తను పిలిపించి కూలీలకు గంటసేపు ఉత్సాహం నూరిపోయించండి, ఆ గంట కూలి కోసేయండి. కాకినాడ పొరపాటు మాత్రం చేయకండి. 1964లో హార్వర్డ్ మనస్తత్వవేత్త డేవిడ్ మెక్లెలాండ్ బృందం కాకినాడ వ్యాపారులను హైదరాబాద్‌లోని చిన్న పరిశ్రమల శిక్షణ సంస్థ సైట్ (SIET)కు రప్పించింది. వాళ్లచేత కథలు రాయించారు, ఆటలాడించారు, ఎవరి లక్ష్యం వాళ్లచేతే పెట్టించారు. వెళ్లనివాళ్ల కన్నా వెళ్లొచ్చినవాళ్లు ఎక్కువ కష్టపడ్డారనీ, కొత్త వ్యాపారాలు పెట్టారనీ, ఎక్కువమందికి పని చూపించారనీ 1969లో పుస్తకమే వేశారు. చూశారా, తరగతిలో కూర్చున్నది యజమానులు! మీకెప్పుడైనా అలాంటి పిలుపు వస్తే కూలీల మేస్త్రీ ముకద్దంను పంపండి. ఆ రోజులు వాడి సెలవు కింద రాసుకోండి.