“ఆ మాత్రం హమ్మింగ్” వాక్యానికి టీకా తాత్పర్యం

మూలం: “వాల్వు యాంప్లిఫయరంటే ఆ మాత్రం హమ్మింగ్ ఉంటుందండీ. వాల్వులు మార్చి చూద్దాం.”

అవతారిక: పాట ఆగినా స్పీకరులో గుంయ్‌మంటూ మిగిలిపోయే రొద గురించి రిపేరు షాపుల్లో పలికే వాక్యద్వయమిది. పెట్టె మూత విప్పకముందే వెలువడుతుంది. బాధ్యత వహించే కర్త ఎవరూ కనబడరు కనుక అపౌరుషేయం.

ప్రతిపదార్థం: “వాల్వు”, “యాంప్లిఫయరు” సుగమం. “అండీ” రాబోయే బిల్లుకు సూచకం. “ఆ మాత్రం” అంటే ఎంత మాత్రం? కొలిచినవారు లేరు. స్పీకరుకు చెవి ఆనిస్తే తప్ప వినబడని సన్నని రొద ఈ జాతికి సహజమే. గదికి ఆ మూలన కూర్చున్నవారికీ వినబడేది మాత్రం జబ్బు. మూలం రెండింటినీ ఒకే మాటలో చుట్టబెట్టి బయటపడింది.

“హమ్మింగ్” ద్వివిధం. మన కరెంటు 50 హెర్ట్జ్. హీటరు తీగల నుంచి గానీ, పక్కనున్న ట్రాన్స్‌ఫార్మరు నుంచి గానీ సోకే రొద ప్రధానంగా 50. ఫుల్‌వేవ్ రెక్టిఫయరు ప్రతి ఆవృత్తిలోని రెండు సగాలనూ ఒకే దిక్కుకు తిప్పుతుంది గనుక, ఫిల్టరు కెపాసిటరు ఎండిపోతే పుట్టే రొద 100. ఒకటి రెండోదానికి సరిగ్గా రెట్టింపు. సంగీతశాస్త్ర రీత్యా రెండూ ఒకే స్వరం, స్థాయి మాత్రమే వేరు. స్వరజ్ఞానం ఉన్నవారూ ఇక్కడ తడబడతారు. స్థాయి పోల్చుకోని చెవి ఎండిన కెపాసిటరును వదిలేసి నిక్షేపంలాంటి వాల్వును పీకిస్తుంది.

విశేషం: “వాల్వులు”. ఐరోపావారి వాల్వు నామాలు పాణిని ప్రత్యాహారాలకు దీటైనవి. ఇసిసి83లో ‘ఇ’ 6.3 వోల్టుల హీటరును చెబుతుంది. ఒక్కొక్క ‘సి’ ఒక్కొక్క ట్రయోడు. రెండు సీలు కనుక ఒకే గాజుబుడ్డిలో జంట ట్రయోడులు. 8 తొమ్మిది కాళ్ల పీఠానికి గుర్తు. ఇఎల్84లో ‘ఎల్’ అవుట్‌పుట్ పెంటోడు. అమెరికావారు ఇదే ఇసిసి83ను 12ఎఎక్స్7 అన్నారు. అక్కడి 12 సుమారుగా 12.6 వోల్టుల హీటరు. 6.3 ఎక్కడ, 12.6 ఎక్కడ? హీటరు నడుమ నుంచి మూడో కొస ఉంది. రెండు సగాలనూ సిరీస్‌లో కలిపితే 12.6, ప్యారలల్‌లో కలిపితే 6.3. ఇది విరోధాభాసాలంకారం. ఇక ‘యు’తో మొదలయ్యేవి 100 మిల్లీఆంపియర్ల హీటరువి, వాటన్నిటినీ సిరీస్‌లోనే కలుపుతారు కాబట్టి ఒకటి తీస్తే మిగతావన్నీ ఆరిపోతాయి. రొద సంగతి మరుగున పడింది, ప్రకృతానికి వద్దాం.

“మార్చి చూద్దాం”: ఆచరణలో “మార్చి” ఉంటుంది, “చూద్దాం” ఉండదు. చూడవలసిన క్రమం ఇది. వాల్యూం సున్నాకు తిప్పాలి. రొద పోతే దోషం అంతకు ముందరి దశలోనో, ఇన్‌పుట్ వైరులోనో ఉంది. ఇన్‌పుట్ వైర్లు పీకితే పోయేది చాలావరకు గ్రౌండ్ లూపు. వాల్యూంతో నిమిత్తం లేకుండా నిలిచిందా, సెట్టు ఆపి, అవుట్‌పుట్ దశకు ముందుండే ఫేజ్ ఇన్వర్టరు వాల్వు తీసి, సెట్టును మళ్లీ ఆన్ చేసి వినాలి (‘యు’ జాతికిది చెల్లదు). అప్పటికీ ఉంటే అవుట్‌పుట్ దశ, పవర్ సప్లయి మాత్రమే మిగులుతాయి. లోపల 300 వోల్టులకు పైగా ఉండవచ్చు. స్విచ్చి కట్టేసినా కెపాసిటర్లలో నిలవ ఉంటుంది కాబట్టి రెసిస్టరుతో దింపి, మీటరుతో సరిచూసుకున్నాకే చెయ్యి పెట్టాలి. ప్లగ్గులో ఎర్త్ పిన్ను విరిచి రొద మాన్పే వైద్యమూ ఒకటుంది. దానివల్ల ఒక్కొక్కప్పుడు రొద తగ్గుతుంది, ఒక్కొక్కప్పుడు వినేవాడే పోతాడు. ఇది వ్యంగ్యం కాదు.

ఆక్షేపం: దోషం వాల్వుదే కారాదా?

సమాధానం: కావచ్చు. సన్నని చెక్కపుల్లతో మెల్లగా తడితే స్పీకరులో టింగుమని మోగేది మైక్రోఫోనిక్ వాల్వు. హీటరు నుంచి కాథోడుకు లీకయ్యేది 50 రొద పెడుతుంది. పుష్‌పుల్ జంటలో ఒకటి నీరసిస్తే, ఒకదానికొకటి కొట్టేసుకోవలసిన రొద కొంత మిగిలిపోతుంది. పుల్లకు ఖర్చేమీ లేదు. అందుకే షాపుల్లో ప్రచారం లేదు.

తాత్పర్యం: కాస్త రొద సహజమేనన్న నిజాన్ని అడ్డుపెట్టి, వెదకవలసిన పని మానేసి, ఖరీదైన భాగాన్ని ముందు మార్చాలని భావం. ఫలితం: యజమాని కొత్త వాల్వులకు డబ్బు కట్టి పాత రొదను ఇంటికి తెచ్చుకుంటాడు. తీసిన పాత వాల్వులు ఎవరికి చెందాలో మూలంలో లేదు. షాపువాడూ చెప్పడు.